ఈతకు మించిన లోతు కలదు

“ఈత వచ్చినవానికి లైఫ్ జాకెట్ ఎందుకండీ?” అను మాట సికింద్రాబాదు వైపు చెరువుగట్లమీద ఎవ్వరినోటనైనను వినవచ్చును. ఆ మాట అనువాడు సాధారణముగా మొండివాడు కాడు, మూర్ఖుడును కాడు. చిన్నతనమున బావిలో ఈత నేర్చినవాడు, బుద్ధిమంతుడు, పిల్లలుగలవాడు. “ఈతకు మించిన లోతు లేదు” అను సామెతను పెద్దలనోట విని పెరిగినవాడు. అందువలననే ఆ మాటకు అంత బలము వచ్చినది. తెలియనివాడు పలుకు అపోహను నలుగురు నవ్వి విడిచెదరు. అనుభవజ్ఞుడు పలుకు అపోహ మాత్రము ఆచారమై తిష్ఠవేసి కూర్చుండును. నేడు హుస్సేన్‌సాగరముమీద తెరచాప పడవ నేర్వబోవు యువకుడును, వికారాబాదు దరి కోట్‌పల్లి జలాశయమున సెలవునాడు కయాక్ అద్దెకు తీసికొను ఉద్యోగియు, పిల్లవానిని ఆప్టిమిస్ట్ పడవలో కూర్చుండబెట్టి గట్టున గొడుగు పట్టుకొని నిలుచు తల్లిదండ్రులును ఈ ఆచారమునకే తల యొగ్గుచున్నారు గనుక, దానిని నిలువునా పరీక్షించుట అవసరమైనది.

పూర్వపక్షమును ముందుగా న్యాయముగా చెప్పవలెను. వారి వాదము నాలుగు కాళ్ళమీద నిలిచియున్నది. మొదటిది: మనది సముద్రము కాదు, నగరము నడుమనున్న చెరువు; నలుదిక్కుల గట్టు కనబడుచుండును, కేక వేసిన మనిషి పలుకును. రెండవది: మన నీరు చల్లనిది కాదు, శీతలదేశములలో మనుష్యులను గడ్డకట్టించి చంపు చలి ఇచట లేదు. మూడవది: ఈత వచ్చినవానికి జాకెట్టు సాయము చేయుటకు మారుగా అడ్డుపడును, చేతులను కదలనీయదు, బోల్తాపడిన పడవక్రిందనుండి మునిగి బయటపడనీయదు, ఎండలో ఒడలిని ఉడికించును. నాలుగవది: రక్షణసామగ్రి కొనియే తీరవలెనన్నచో, దేహమునంతటిని కప్పి తానే తేలునట్టి వెట్‌సూట్ ఒకటి కొన్న చాలును, ఆపైన నురుగుబిళ్ళలు కుట్టిన చొక్కాకు వేరుగా డబ్బు పోయుట దండుగ.

ఈ నాలుగు మాటలలోను సత్యము కొంత కొంత లేకపోలేదు. అది ఎంతయో క్రమముగా చూపెదను. అయినను నాలుగింటికిని మూలమైన తప్పు ఒక్కటే. వీరు నీటి రూపమును చూచి సామగ్రిని ఎన్నుకొనుచున్నారు గాని, ఆ నీటిలో మనిషి ఏ విధమున మునుగునో ఆ విధమును చూచి ఎన్నుకొనుటలేదు. మన చెరువులలో పడవ నడుపువానిని మృత్యుముఖమునకు చేర్చునవి ముఖ్యముగా మూడు: దెబ్బ తగిలి స్పృహ తప్పుట, అనుకొనకుండ నీరు మ్రింగి ఊపిరి తప్పుట, బోల్తాపడిన పడవతో పెనుగులాడి అలసిపోవుట. ఒంటికి సరిపడి, పడవ ఎక్కకముందే బిగించిన తేలుచొక్కా ఈ మూడింటికిని పనికివచ్చును. ఈత ఒకదానికి సగము పనికివచ్చును. వెట్‌సూట్ ఒక్కదానికైనను మందు కాదు.

ఈతను గూర్చిన ధీమానే ముందు చూతము. బావిలో ఈదువాడు తన యిష్టమున దిగును. శ్వాస నింపుకొని, బట్టలు విడిచి, దూకవలసిన చోటు చూచుకొని దూకును. పడవలోనుండి పడువానికి ఈ అవకాశములలో ఒక్కటియు లేదు. లేజర్ అను పేర ప్రసిద్ధమై నేడు ఇల్కా అని వ్యవహరింపబడు పందెపు పడవను చూడుడు. పొడవు 4 మీటర్లకు కొంచెము పైన. డొల్ల బరువు 60 కిలోలకు లోపు. పెద్దవారు నడుపు దాని తెరచాప వైశాల్యము 7 చదరపు మీటర్లు. ఒక్కడే మనిషి నడుపు ఆ పడవలో, చాప అడుగు అంచును పట్టియుండు బూమ్ అను అల్యూమినియపు గొట్టము కూర్చున్నవాని తలకు ఏమంత ఎత్తున లేకుండ కదలాడుచుండును. గాలి వెనుకనుండి వీచునపుడు పడవ దిశ ఒక్క పిసరు తప్పెనా, చాప ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దూకును. వంగుటకు ఒక్క క్షణము ఆలస్యమైనచో బూమ్ తలకు తగులును. నెక్లెస్ రోడ్డువైపు చెట్లను కట్టడములను దాటి వచ్చు గాలి మన చెరువుమీద ఒకే దిక్కున ఒకే బలముతో వీచునది కాదు. మూర్ఛిల్లి లేచునది, లేచి దిక్కు మార్చునది. అట్టి గాలిలో ఆ దెబ్బ ఎంతటివానికైనను తగులవచ్చును. తగిలి, కన్నులు బైర్లు క్రమ్మి, నోరు తెరచియే నీటబడినవానికి తాను నేర్చిన ఈత ఏ కండరములో దాగియున్నను ఏమి లాభము? ఈత మెలకువ గలవాని విద్య.

దెబ్బ తగులని వాని సంగతియు చూతము. న్యూయార్కులోని ఆర్చర్డ్ బీచ్‌లో ప్రాణరక్షకుడుగా పనిచేసిన ఫ్రాంక్ పియా, మునిగిపోవువారి చేష్టలను చిత్రించి పరిశీలించి ఒక విషయమును లోకమునకు వెల్లడించెను. నిజముగా మునుగుచున్నవాడు కేక వేయడు, చేయి ఊపడు. ఊపిరి పీల్చుటకే చాలని నోరు పిలుచుటకు చాలదు. నిటారుగా నిలిచి, రెండు చేతులతో నీటిని క్రిందికి నొక్కుచు, 20 మొదలు 60 సెకన్లలోపల అడుగునకు పోవును. చూచువారికి అతడు నీటిలో ఆడుకొనుచున్నట్లే యుండును. కేక వేసిన పలుకు గట్టు అను మొదటి కాలు ఇచటనే విరిగినది. వినువారుండియు ప్రయోజనము లేదు, కేకయే లేదు గనుక. రక్షణబోటు వచ్చును కదా యందురా? వచ్చును, అయితే గాలి ఉధృతమై ఒక పడవ బోల్తాపడు వేళకు తక్కినవియు బోల్తాపడుచునే యుండును, ఆ బోటు చెరువు రెండవ కొసన మరియొకనిని నీటినుండి ఎత్తుచుండును. నిమిషమున చేరవలసినది అయిదు నిమిషములకు చేరును. తేలుచొక్కా చేయునదంతయు ఆ ఒక్క నిమిషమును అరగంటగా సాగదీయుట. రక్షణవ్యవస్థ యంతయు ఆ అరగంటమీదనే ఆధారపడియున్నది.

ఆరితేరిన నావికులకును ఇది తప్పలేదనుటకు చరిత్రలో నిదర్శనము కలదు. 1854లో ఇంగ్లండు దేశపు జాతీయ లైఫ్‌బోట్ సంస్థకు చెందిన కెప్టెన్ వార్డ్, బెండుముక్కలను గుడ్డకు కుట్టించి ఒక చొక్కాను రూపొందించెను. 1861 ఫిబ్రవరి 9న విట్‌బీ రేవున గొప్ప తుపాను వచ్చి ఓడలు వరుసగా ఒడ్డున పడి పగులుచుండగా, ఆ యూరి లైఫ్‌బోటు దినములో అయిదు మారులు పోయి నావికులను గట్టున చేర్చి, ఆరవ మారు బోల్తాపడినది. అందున్న పదుమువ్వురును సముద్రము నెరిగినవారు. గుమిగూడిన జనము కన్నులయెదుట, రేవుకు అతిసమీపమున, పన్నెండుగురు మరణించిరి. మిగిలినవాడు హెన్రీ ఫ్రీమన్ అను ఒక్కడు. ఆ కొత్త బెండుచొక్కాను తొడిగికొనియుండినవాడు ఆతడొక్కడే. పదుమువ్వురి నేర్పును సముద్రము సమానముగనే చూచినది. భేదమంతయు ఒక చొక్కాలో నుండినది.

“అది సముద్రము, ఇది చెరువు” అని ప్రతిపక్షి వెంటనే అందుకొనును. సరే, చెరువును గూర్చియే మాటలాడుదము. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1563 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ కట్టించిన ఈ తటాకమున లోతు ఎచటను 10 మీటర్లు ఉండదు. కాని మునుగుటకు పది మీటర్లేల, ముక్కుమీద జానెడు నీరు చాలును. 1990 మార్చి 10న చెరువు నడుమనున్న గిబ్రాల్టర్ రాతిపై నిలుపవలసిన బుద్ధవిగ్రహమును పంటుమీద తీసికొనిపోవుచుండగా, గట్టునుండి ఎంతో దూరము పోకమునుపే పంటు ఒరిగి విగ్రహము నీటిపాలైనది. దానితోకూడ పలువురి ప్రాణములు పోయినవి. విగ్రహమును 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలిపితిమి. నేడు పడవలన్నియు దాని చుట్టే తిరుగుచున్నవి. నగరము నడుమ, ఈ చెరువే మనుష్యులను మ్రింగినదన్న సంగతిని మాత్రము ఎవ్వరును తలచుటలేదు.

లోతు తక్కువగుటయే కొన్నియెడల ఆపదకు హేతువగుచున్నది. లోతు చాలనిచోట బోల్తాపడిన పడవ స్తంభపుకొన బురదలో దిగబడును. పడవను నిలబెట్టుట ఒక్కని బలమునకు మించిన పనియై, పది నిమిషముల పెనుగులాట అరగంట యగును, అలసట అచటినుండియే ఆరంభమగును. ఏటేటా అనంతచతుర్దశి నిమజ్జనమునకు పిమ్మట విగ్రహశిథిలములను తొలగించినను, ఇనుపచువ్వలు కొన్ని అడుగున మిగులును. చెప్పులులేని కాలితో దిగినవానికి అవి ఎదురుచూచుచుండును. కూకట్‌పల్లి, పికెట్ నాలాలు ఏండ్లతరబడి తెచ్చిపోసిన మురుగు వలన, నీరు ఎట్టిదనగా మూరెడు లోతున నున్న చేయి పైకి కనబడదు. ఈ చివరి మాటను పాఠకుడు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక జాకెట్టు పడవలో ఉన్నచో చాలును, అవసరమైనపుడు తొడిగికొందుమను మధ్యేమార్గము కలదు. ఇది పూర్తి నిరాకరణముకంటె ప్రమాదకరమైనది. ఏలయన జాగ్రత్త తీసికొన్నామను తృప్తిని ఇచ్చి జాగ్రత్తను హరించును. 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్రసంగమము దగ్గర విహారపు పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించినపుడు ప్రయాణికులకు జాకెట్టులు ఇయ్యనే లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగినపుడు జాకెట్టులు బోటులో ఉండినవి, చాలమంది ఒంటిమీద లేకుండెను. నీటికి ఈ రెంటి భేదము తెలియలేదు. నీటబడిన తరువాత తొడిగికొందమన్నచో, తేలుటకు రెండు చేతులు కావలెను, బకిల్ పెట్టుటకు రెండు చేతులు కావలెను. మనిషికి ఉన్నవి రెండే. పైగా విప్పియున్న జాకెట్టు నీటిలో తనంతట తాను పైకి లేచి చేతికి చిక్కదు. పడవ ముక్కున కట్టియుంచిన జాకెట్టు స్కూటరు అద్దమునకు తగిలించిన హెల్మెట్టు వంటిది. పోలీసువానికి చూపుటకు పనికివచ్చును.

రెండవదైన చలి మాటను వెట్‌సూట్‌తో కలిపి చెప్పెదను; ముందు మూడవ వాదమునకు వచ్చుచున్నాను. జాకెట్టు అడ్డము, ఉక్క, బరువు అనువారు అబద్ధమాడుటలేదు. వారు ఏ జాకెట్టును తొడిగి చూచిరో దానిని గూర్చి చెప్పుచున్నారు. అది రాణిగంజ్ అంగళ్ళలో హెల్మెట్లు, గొలుసులు, తాళ్ళ ప్రక్కన వ్రేలాడు నారింజరంగు గుంపు జాకెట్టు. ఎవ్వరికిని సరిపోకుండ అందరికిని కుట్టినది, ముందు నాడాలతో ముడివేయునది, నీటిలో దిగగానే గడ్డముమీదుగా చెవులవరకు లేచి ముఖమును మూయునది. అట్టిదానిని ద్వేషించుట న్యాయమే. చెప్పు కరచినచో చెప్పు మార్చుకొందురు గాని కాళ్ళు నేలనుండి ఎత్తుకొని తిరుగుదురా?

తేలుచొక్కాలలో భేదములు తెలిసి ఎన్నుకొనవలెను. వాటి ఎత్తుడుశక్తిని న్యూటన్లలో కొలుతురు. మనిషి బరువును చాలవరకు నీరే మోయును. తల నీటిపైన నిలుచుటకు పెద్దవారికి అదనముగా కావలసినది సుమారు 3 మొదలు 5 కిలోల ఎత్తుడు మాత్రమే. 50 న్యూటన్లనగా ఇంచుమించు 5 కిలోలు. ఈ శ్రేణి చొక్కా పలుచనిది, నడుమువరకే ఉండునది, చేతులకు విశాలమైన సందులు గలది; ఈత వచ్చి, సాయము దగ్గరగా ఉన్నచోట పడవ నడుపువానికి, తెడ్డు వేయువానికి ఇదియే తగినది. చేతులను కదలనీయదను ఆక్షేపణకు దీని ఆకారమే సమాధానము. 100 న్యూటన్ల చొక్కాకు మెడచుట్టు నురుగుకాలరు ఉండి, మనిషిని వెల్లకిల త్రిప్పుటకు ప్రయత్నించును. ఈత రానివారికి, చిన్నపిల్లలకు ఇది కావలెను. 150 న్యూటన్లవి చాలవరకు వాయువుతో ఉబ్బునవి. ఓడలమీదను పెద్ద పడవలమీదను మేలైనవే గాని, గంటకు నాలుగు మారులు బోల్తాపడు చిన్న పడవలో తడిసిన ప్రతిసారి ఉబ్బి, సిలిండరు ఖాళీయై, రెండవ మారు అక్కరకు రానివి. “ఎక్కువ న్యూటన్లు, ఎక్కువ క్షేమము” అని ఖరీదు చూచి కొనువారు ఇచటనే పొరబడుదురు.

తెలివిగల ప్రతిపక్షి ఇచట నన్ను నిలవేయవచ్చును: “50 న్యూటన్ల చొక్కా స్పృహ తప్పినవానిని వెల్లకిల త్రిప్పదు కదా, మీరు మొదట చెప్పిన బూమ్ దెబ్బకు అది మందెట్లగును?” త్రిప్పదు, అది నిజము. కాని నీటిపైన ఉంచును. తేలుచున్న మనిషిని ప్రక్క పడవలోనివాడు చూచి, చేయి అందించి, ముఖము త్రిప్పగలడు. మునిగిన మనిషిని ఎవ్వడును చూడలేడు. మూరెడు లోతున చేయి కనబడని నీటిలో తేలుటకును మునుగుటకును నడుమనున్న దూరము జీవనమరణముల నడుమనున్న దూరమే. కనుకనే రంగు సహితము అలంకారము కాదు. నల్లనిది, నీలమైనది హుందాగా ఉండునని కొనువారు పసుపు, నారింజ, ఎరుపులలో ఒకదానికి మారుట మంచిది. బూమ్ తాకిడికి ఇంకను అలవాటుపడని బాలురకు పలుచని హెల్మెట్టు కూడ తొడుగుట వివేకము.

కొనునపుడు చేయవలసిన పరీక్ష చాల సులభమైనది. చొక్కా తొడిగికొని, క్రిందినుండి పైకి పట్టీలన్నియు బిగించి, బకిళ్ళు పెట్టి, వెనుక నిలిచిన మిత్రునిచేత రెండు భుజములయొద్ద పట్టుకొని నిటారుగా పైకి లాగించుకొనవలెను. చొక్కా చెవులదాక లేచినచో అది నీది కాదు. బల్లమీద పెట్టి వేరొకటి తీసికొనుము. లేవకుండినచో ఆ బిగింపుతోనే నేలమీద కూర్చుండి, మోకాళ్ళు ముడిచి, తెడ్డు వేసినట్లు చేతులు త్రిప్పి చూడుము. చంకలలో ఒరసినచో గంటలో పుండగును. లోపలి చీటీమీద న్యూటన్లు, తగిన బరువు, ఛాతి కొలత వ్రాసియుండును. చీటీ లేని చొక్కా ఎంత చవుకయైనను విడువవలెను. పిల్లలకు కొనునపుడు “ఇంకో రెండేళ్ళు వచ్చును” అని ఒక సైజు పెద్దది కొనుట మన ఇండ్లలో పండుగబట్టలనాటినుండి వచ్చిన అలవాటు. లైఫ్ జాకెట్టు విషయమున ఆ పొదుపు పనికిరాదు. పెద్ద చొక్కాలో పిల్లవాడు క్రిందికి జారును, చొక్కా పైన తేలును. కాళ్ళనడుమ పట్టీ ఉన్నచో చిన్నపిల్లలకు మరియు మంచిది. వాడుక చొక్కాను ఏటేట చూచుకొనవలెను; మన ఎండ కుట్టును పిండిచేయును, నురుగు నొక్కినచోట నొక్కినట్లే ఉండిపోయినచో దాని ఆయువు తీరినదని గుర్తు.

బోల్తాపడిన పడవక్రింద జాకెట్టు చిక్కించుకొనునను భయమును తేలికగా కొట్టివేయరాదు. చాపక్రింద ఇరుక్కొనుట నిజమైన ఆపదయే. కాని దానికి విరుగుడు చొక్కా విప్పుట కాదు, అభ్యాసము. అరచేతితో చాపను పైకి ఎత్తినచో అడుగున గాలిజాగా ఏర్పడును; ఊపిరి తీసికొని, ఒక కుట్టువరుసను చేతితో పట్టుకొని, దానివెంటనే అంచువరకు జరిగినచో వెలుతురు కనబడును. 50 న్యూటన్ల ఎత్తుడును అధిగమించి ఒక బారెడు దూరము తల ముంచుట ఆరోగ్యవంతుడైన మనిషికి అసాధ్యము కాదు. కొక్కెములు, వ్రేలాడు నాడాలు లేని చొక్కాను ఎన్నుకొనుట, తాడు కోయుటకు మొండికొన గల చిన్న కత్తిని చేతికందునట్లు ఉంచుకొనుట, గట్టు దగ్గర శిక్షకుని యెదుట పదేపదే బోల్తాపడి నేర్చుకొనుట: ఇవి ఆ భయమునకు సమాధానములు.

మిగిలినది వెట్‌సూట్. ఈ నల్లని రబ్బరు కవచమునకు మన యువకులలో కలిగిన గౌరవము, అది ఫోటోలో కనబడు తీరువలన కలిగినదే గాని, అది చేయు పనివలన కాదు. నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరు 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ పరిశోధనశాలలో పుట్టినది. 1952 ప్రాంతమున బర్క్‌లీ భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్, ఆ రబ్బరునురుగులో చిక్కియున్న వాయుబుడగలే వెచ్చదనమును కాపాడునని గ్రహించి, దానితో ఈతగాండ్రకు దుస్తులు కుట్టవచ్చునని చూపెను. ఒంటికిని రబ్బరుకును నడుమ చేరిన పలుచని నీటిపొర దేహతాపముచేత వెచ్చబడును. నురుగు ఆ వేడిని బయటికి పోనీయదు. గాలికంటె నీరు ఇంచుమించు 25 రెట్లు త్వరగా వేడిని లాగికొనును గనుక, 15 డిగ్రీలకు లోపలి నీటిలో ఇది నిజముగా ప్రాణదాత. సియాటిల్ సరస్సులలోనో, సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతములోనో పడవ నేర్చుకొను మన తెలుగువారు మందమైన వెట్‌సూట్ లేకుండ నీటబడినచో, మొదటి నిమిషముననే చలిదెబ్బకు ఊపిరి అదుపు తప్పును. వారికి అది విలాసము కాదు.

వారికి యోగ్యమైనది మనకు ఏల యోగ్యము కావలెను? వేసవిలో 40 డిగ్రీలు దాటు సికింద్రాబాదు ఎండలో, మూడు మిల్లీమీటర్ల నల్లరబ్బరు బిగించి గట్టున తన వంతుకై అరగంట నిలుచువానికి చెమట పట్టును గాని ఆరదు; ఆరని చెమట ఒడలిని చల్లబరపదు; తల తిరుగుట నీటబడుటకు ముందే ఆరంభమగును. మురుగు కలిసిన నీటిని గంటలతరబడి చర్మమునకు అదిమిపట్టియుంచుట దాని రెండవ ఉపకారము. తేలును కదా అందురా? తేలును, కాని దాని నురుగు కాళ్ళకును నడుమునకును సమముగా పరచియుండును, ముఖమును పైకెత్తుటకు ఎవ్వరును దానిని కుట్టలేదు. లోకమంతటను పడవపందెములు నడుపు వారి నియమావళియే వెట్‌సూట్లును డ్రైసూట్లును తేలుచొక్కాలుగా పరిగణింపబడవని విడమరచి చెప్పినది. ఆ నియమములప్రకారమే మన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాదు సెయిలింగ్ క్లబ్బులవారి పోటీలు జరుగుచున్నవి. పందెపుటెరుకగలవారు ఈ భేదమును అంగీకరించిన తరువాత, సెలవునాడు తెడ్డు పట్టువాడు దానిని త్రోసిపుచ్చుట తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనుట.

అట్లని చలియే లేదనరాదు. జూలై పందెములలో మబ్బుపట్టి, జల్లు కురిసి, గాలి విసరుచుండగా, పలుచని పిల్లవాడు మూడు మారులు నీటబడి లేచినచో పెదవులు నల్లబడుట చూతుము. తడిబట్ట ఆరుచు వేడిని లాగికొనుట దానికి కారణము. అతనికి కావలసినది గాలిని అడ్డగించు పలుచని స్ప్రేటాప్, లేదా ఒకటి రెండు మిల్లీమీటర్ల నియోప్రీన్ పైచొక్కా. ఎండ కాలమున చేతులు నిండిన లైక్రా చొక్కా, తాడుతో కట్టిన టోపీ చాలును. వీటన్నిటిపైన, అన్నిటికంటె బయట, తేలుచొక్కా ఉండవలెను.

కనుక చేతిలోని డబ్బును ఖర్చుపెట్టవలసిన వరుస మన నీళ్ళకు ఇది: మొదట ఒంటికి సరిపడిన తేలుచొక్కా, దానికి కట్టిన ఈల, అలసినవాని కేకకంటె ఈల దూరము పోవును గనుక, పిమ్మట అడుగు గట్టిగానుండి వ్రేళ్ళను మూయు చెప్పులు, ఇనుపచువ్వలను మరువరాదు గనుక, ఆపైన కత్తి, టోపీ, లైక్రా, తరువాత స్ప్రేటాప్, కట్టకడపట, అవసరమున్నచో, వెట్‌సూట్. నిలబడి తెడ్డు వేయు పలకకు చీలమండనుండి కట్టు తాడు నిలువనీటిలో ప్రాణము కాచును, పలక గాలికి కొట్టుకొనిపోదు గనుక. అదే తాడు గోదావరి వంటి ప్రవాహములో కొమ్మకో రాతికో చిక్కి మనిషిని నీటిక్రింద కట్టివేయును. ఒకే వస్తువు ఒకచోట రక్షణ, మరియొకచోట ఉరి. పరదేశపు కొనుగోలు పట్టికను తెచ్చి మన గట్టున చదువువారును, పట్టికయే వలదని చేయి విదల్చువారును ఈ వివేకమునే విడిచినారు.

జాలరులు ఏనాడు జాకెట్టు తొడిగిరి అను చివరి మాటకు ఒక్క మాట. పుట్టిమీదను నాటుపడవమీదను కృష్ణను దాటు జాలరి గాలి వాసనను బట్టి బయలుదేరుట మానగలడు. అతని పుట్టికి తలమీద తిరుగు బూమ్ లేదు, గడియారము చూచి పందెము మొదలుపెట్టువాడు లేడు. అయినను జాలరులు మునుగుటలేదా? మునుగుచునే యున్నారు. గట్టున కూర్చుండి “నాకేమియు కాలేదు” అని చెప్పువాడు బ్రదికినవాడు. మునిగినవాడు వచ్చి మారుసాక్ష్యము చెప్పడు. ఒక ప్రక్క సాక్షులు మాత్రమే హాజరైన న్యాయస్థానమున తీర్పు ఎట్లుండునో ఈ అనుభవవాదమును అట్లే యుండును.

కావున నియమము ఒక్కటే యుండవలెను. దానికి మినహాయింపు ఉండరాదు. బకిల్ పడని మనిషికి తెడ్డు చేతికి ఇయ్యరాదు, పడవ గట్టు విడువరాదు. శిక్షకుడైనను, పతకములు పొందినవాడైనను, అద్దెపడవ యజమాని మేనల్లుడైనను సరియే. పెద్దలు తాము విడిచి పిల్లలకు తొడిగినచో, చొక్కా చిన్నతనపు గుర్తని పిల్లలు నేర్చుకొని, మీసము మొలచిననాడు దానిని విప్పుదురు. ఈత తప్పక నేర్పవలెను. ఈత రానివాడు నీటబడినచో చొక్కా ఉన్నను భీతిల్లును, వచ్చినవాడు నెమ్మదిగా పడవవైపు జరుగును. రెండును కలిసి పనిచేయునవే గాని, ఒకటి రెండవదానికి బదులు రాదు.

“నా ప్రాణము నా యిష్టము, బలవంతమేల” అని ఎవరైన ఆక్షేపింతురు. ఆ స్వేచ్ఛ సంపూర్ణముగా వారిదే అయినచో నాకు అభ్యంతరము లేకపోయెడిది. కాని అతడు మునిగిన సాయంకాలము, ఆ మురుగునీటిలో, ఆ ఇనుపచువ్వల నడుమ, కన్ను కానరానిచోట చేతులతో తడవుచు అతనిని వెదకుటకు దిగువారు వేరెవరో యువకులు; వారికిని ఇండ్లున్నవి. చొక్కా వలదనువాడు ముందుగా వారి అనుమతిని తీసికొని రావలెను.